ఇండియాలో వైరింగ్ అనుభవం ఉంది, టెక్సాస్‌లో ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ లైసెన్స్‌కు ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్త_ఫ్రిస్కో:

అందరికీ నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ట్రిపుల్ఈ డిప్లొమా అయ్యాక విజయవాడలో మా బాబాయి దగ్గర కాంట్రాక్టు పనులు చేశాను. అపార్ట్‌మెంట్ వైరింగ్, ప్యానెల్ బోర్డులు, ఎర్తింగ్, మోటార్ స్టార్టర్లు, అన్నీ చేతులతో చేసినవే. వైర్‌మన్ పర్మిట్ కూడా ఉంది. మా ఆవిడ వైపు నుంచి గ్రీన్ కార్డ్ వచ్చింది, ఇప్పుడు డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. ప్రస్తుతానికి ఒక వేర్‌హౌస్‌లో ఉద్యోగం చేస్తున్నాను.

గుడికి వెళ్లినా, ఎవరింట్లో పుట్టినరోజుకి వెళ్లినా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. కారు చార్జర్ పెట్టాలి, గరాజ్‌లో ఇంకో ప్లగ్ కావాలి, వంటింట్లో లైట్లు మార్చాలి అని. పని తెలిసిన మనవాళ్లు దొరకడం లేదంటారు. సొంతంగా కంపెనీ పెట్టుకుంటే బాగుంటుందని చాలా ఆశగా ఉంది.

ఈమధ్య ఒకాయన పరిచయమయ్యారు. ఆయనకు మాస్టర్ ఎలక్ట్రీషియన్ లైసెన్స్, అంటే ఇక్కడ ఎలక్ట్రీషియన్లలో పై స్థాయి లైసెన్స్ ఉంది. నెలనెలా కొంత ఇస్తే నా కంపెనీకి తన నంబర్ వాడుకోనిస్తానంటున్నారు, పనికి మాత్రం రారట. మా ఆవిడకు ఇది నచ్చలేదు, టెన్షన్ పడుతోంది. ఇది చేయొచ్చా? నా ఇండియా అనుభవం లెక్కలోకి వస్తుందా? ఈ రంగంలో ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.

ప్లేనో_బ్రో:

బ్రో, ఇందులో అంత కష్టమేం లేదు. ఎల్ఎల్‌సీ, అంటే కంపెనీ, రిజిస్ట్రేషన్ 300 డాలర్లు. కాంట్రాక్టర్ లైసెన్స్ ఫీజు 110 డాలర్లు, ఆన్‌లైన్‌లోనే అప్లై చేయొచ్చు. కాంట్రాక్టర్ లైసెన్స్‌కు విడిగా పరీక్ష ఏమీ లేదు. ఇన్సూరెన్స్ పేపరు, ఒక మాస్టర్ పేరు ఉంటే చాలు. మాస్టర్ దొరకడమే కష్టం, మీకు ఆయనే ఎదురొచ్చాడు కదా. ఒప్పేసుకోండి.

గార్లాండ్_మాస్టర్:

తమ్ముడూ, పైన చెప్పిన ఫీజులు నిజమే. సలహా మాత్రం వినొద్దు. నాదీ గుంటూరు జిల్లానే. అక్కడ ఐటీఐ చేసి, ఇక్కడికొచ్చి అప్రెంటిస్‌గా (లైసెన్స్ ఉన్నవాళ్ల కింద పని నేర్చుకునే మనిషిగా) మొదలుపెట్టి, జర్నీమన్ (పక్కన ఎవరూ లేకుండా పని చేయగల ఎలక్ట్రీషియన్), మాస్టర్ అయ్యాక సొంత లైసెన్స్ తెచ్చుకున్నాను. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు ఆ అద్దె నంబర్ సంగతి. టెక్సాస్‌లో లైసెన్సులు ఇచ్చేది టీడీఎల్ఆర్, అంటే రాష్ట్ర లైసెన్సింగ్ శాఖ. 2004 సెప్టెంబర్ నుంచి రాష్ట్రమంతటికీ ఒకే లైసెన్స్ పద్ధతి నడుస్తోంది. కాంట్రాక్టర్ లైసెన్స్ అనేది వ్యాపారానికి ఇచ్చేది. పని ఒప్పుకోవడానికి, బిల్లు వేయడానికి అది. ఆ లైసెన్స్ వెనకాల ఒక మాస్టర్ ఎలక్ట్రీషియన్ ఉండి తీరాలి. అది యజమానైనా కావచ్చు, అతను పెట్టుకున్న ఉద్యోగైనా కావచ్చు. ఆ కంపెనీ చేసే ప్రతి పనీ కోడ్ (ఎలక్ట్రికల్ పని నియమాలు) ప్రకారం ఉందా లేదా అన్నది ఆ మాస్టర్ బాధ్యత. సగానికి పైగా వాటా తనదే అయిన కంపెనీలు తప్పిస్తే, ఒక మాస్టర్ ఒక్క కాంట్రాక్టర్‌కే పేరు ఇవ్వాలి. ఇంటి దగ్గర కూర్చుని నెలకింత తీసుకునే మనిషి ఉద్యోగీ కాడు, పర్యవేక్షకుడూ కాడు. రేపు ఫిర్యాదు వస్తే ఆయన లైసెన్సూ పోతుంది, నీ కంపెనీ లైసెన్సూ పోతుంది.

దీనికంటే పెద్ద విషయం ఇంకోటి ఉంది, చాలామందికి తెలియదు. నీ కంపెనీకి కాంట్రాక్టర్ లైసెన్స్ వచ్చినా నువ్వు వైరు ముట్టుకోవడానికి అది చాలదు. పని చేసే ప్రతి మనిషికీ తన పేరు మీద లైసెన్స్ ఉండాలి. కనీసం అప్రెంటిస్ లైసెన్సైనా ఉండాలి, పైన చూసుకునే లైసెన్స్ ఉన్న మనిషి ఉండాలి. ఆయన రాడు, నీకు లైసెన్స్ లేదు, అంటే ఆ చార్జర్ బిగించేది ఎవరు? లైసెన్స్ లేకుండా చేసిన పనికి రోజుకు, ఒక్కో ఉల్లంఘనకు 5,000 డాలర్ల దాకా జరిమానా వేసే అధికారం శాఖకు ఉంది. డబ్బు సంగతి అలా ఉంచు. మనల్ని నమ్మి పిలిచిన వాళ్లింట్లో పిల్లలు పడుకునే గది గోడలో ఆ వైరు ఉంటుంది. మీ ఆవిడ సరిగ్గానే ఆలోచించారు.

మన దగ్గర కూడా చట్టం వేరుగా ఏమీ లేదు. లైసెన్స్ ఉన్న కాంట్రాక్టరు, సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజరు, పర్మిట్ ఉన్న పనివాడు, ముగ్గురూ ఉండాలనే కేంద్ర నిబంధన ఎప్పటినుంచో ఉంది. 1956 నాటి రూల్స్‌లోనూ ఉండేది, 2010లో వచ్చిన రెగ్యులేషన్స్‌లోనూ ఉండేది. కాగితం మీద ఒకరు, నిచ్చెన మీద ఇంకొకరు అన్న అలవాటు మాత్రం నేను చూశాను, నువ్వూ చూసే ఉంటావు. దాన్ని ఇక్కడికి మోసుకు రావొద్దు.

ఇక ఇండియా అనుభవం. ఇక్కడ లెక్కకొచ్చేవి మాస్టర్ ఎలక్ట్రీషియన్ పర్యవేక్షణలో చేసిన గంటలు. అనుభవ ధ్రువీకరణ ఫారం ఒకటి ఉంటుంది, ఆ మాస్టర్ తన లైసెన్స్ నంబర్ వేసి సంతకం పెట్టాలి. నా ఇండియా కాగితాల వల్ల నాకు ఒక్క గంట కూడా కలవలేదు. నువ్వు టీడీఎల్ఆర్‌కు రాసి అడుగు, అడగడంలో తప్పు లేదు. ఆ జవాబు కోసం పని మొదలుపెట్టకుండా కూర్చోవద్దు.

నాకు మొదట్లో ఇది అన్యాయం అనిపించేది. పనిలో దిగాక అలా అనిపించలేదు. మన దగ్గర పాత పద్ధతిలో నలుపు న్యూట్రల్. ఇక్కడ నలుపు వైరే హాట్, అంటే మన ఫేజ్, తెలుపు న్యూట్రల్, ఆకుపచ్చది గానీ తొడుగు లేని రాగి తీగ గానీ గ్రౌండ్, అంటే మన ఎర్త్. నలుపు కనబడగానే చెయ్యి ధైర్యంగా ముందుకు పోయే అలవాటు మనది. ఆ అలవాటు పోవడానికి టైమ్ పడుతుంది. మనకు ఇంట్లో 230 వోల్టులు, ఇక్కడ ఇంటికి వచ్చేది 120/240. రెండు హాట్ లైన్ల మధ్య 240, ఒక్కో దానికీ న్యూట్రల్‌కీ మధ్య 120. న్యూట్రల్ ఎక్కడైనా వదులైతే ఒక వైపు వోల్టేజీ పెరిగి టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోతాయి. అన్నిటికంటే ముఖ్యం, మనం ఇటుక గోడలో పైపు పూడ్చి వైరు లాగుతాం. ఇక్కడ గోడంటే చెక్క ఫ్రేము, దాని మీద జిప్సం బోర్డు. వదులు కనెక్షన్ వేడెక్కితే పక్కనే ఉండేది చెక్క.

నువ్వు అడిగిన చార్జర్ ఉదాహరణే తీసుకో. టెస్లా వాల్ కనెక్టర్ గరిష్ఠంగా 48 ఆంప్స్ లాగుతుంది. గంటల తరబడి లాగే లోడ్ కాబట్టి కోడ్ ప్రకారం దానికి 125 శాతం లెక్కేయాలి, అంటే 60 ఆంప్స్ సర్క్యూట్. చాలామంది షాపులో దొరికే 6 గేజ్ రోమెక్స్ (ఒకే ప్లాస్టిక్ తొడుగులో వైర్లన్నీ కలిసి వచ్చే కేబుల్) వేసేసి 60 బ్రేకర్ పెడతారు. రోమెక్స్‌ను కోడ్ టేబుల్‌లో 60 డిగ్రీల వేడి హద్దు ఉన్న కాలమ్‌లో చూడాలి, అక్కడ 6 గేజ్ రాగికి 55 ఆంప్సే. అది చాలదు. అదే 6 గేజ్ టీహెచ్‌హెచ్ఎన్ రకం విడి వైరు కాండ్యూట్‌లో (పైపులో) లాగి, రెండు చివర్లా 75 డిగ్రీల టెర్మినల్స్ ఉంటే 65 వస్తుంది, సరిపోతుంది. బయటికి చూస్తే రెండూ ఒకేలా పనిచేస్తాయి, కారు చార్జ్ అవుతుంది. తేడా గోడ లోపల ఉంటుంది. దీనికి ముందు ఇంటి మొత్తం లోడ్ లెక్క కూడా వేయాలి, ఇప్పటికే ఉన్న ప్యానెల్ ఇంకో 60 ఆంప్స్ తట్టుకుంటుందా అని. ఇవన్నీ నీకు ఎవరో పక్కన నిలబడి నేర్పాలి. జర్నీమన్ కావడానికి 8,000 గంటలు అడిగేది అందుకే.

దారి ఇది. మొదట అప్రెంటిస్ లైసెన్స్. ఫీజు 20 డాలర్లు, వయసు 16 దాటితే చాలు, పరీక్ష లేదు. అది తీసుకుని ఏదైనా కాంట్రాక్టర్ దగ్గర చేరు. 4,000 గంటలైతే రెసిడెన్షియల్ వైర్‌మన్ పరీక్ష రాయొచ్చు, దాంతో ఇళ్ల పనులు చేయొచ్చు. జర్నీమన్‌కు 8,000 గంటలు. 7,000 కాగానే పరీక్షకు కూర్చోనిస్తారు, లైసెన్స్ మాత్రం మిగతా గంటలు పూర్తయ్యాకే. మాస్టర్‌కు 12,000 గంటలు, జర్నీమన్‌గా కనీసం రెండేళ్లు. ఏడాదంతా మామూలుగా పనిచేస్తే రెండు వేల గంటలు దాకా వస్తాయి, నువ్వే లెక్కేసుకో. ఓవర్‌టైమ్ ఉన్న కమర్షియల్ పనుల్లో కాస్త త్వరగా అవుతాయి.

గంటల గురించి ఒక్క మాట బాగా గుర్తుపెట్టుకో. నేను పనిచేసిన ఒక కంపెనీ ఉన్నట్టుండి మూసేశారు. అక్కడి మాస్టర్ ఫోన్ ఎత్తడం మానేశాడు. నా రెండేళ్ల గంటలు ఆయన సంతకం మీద ఆధారపడి ఉన్నాయి. చివరికి ఆయన వేరే ఊళ్లో పనిచేస్తున్నాడని తెలుసుకుని, వెళ్లి నిలబడి సంతకం తెచ్చుకున్నాను. కంపెనీ మారే ప్రతిసారీ, ఆఖరి జీతం చెక్కు తీసుకునే రోజే ఆ ఫారం మీద సంతకం చేయించుకో. పే స్టబ్‌లు (జీతం చీటీలు), డబ్ల్యూ-2లు (ఏడాది జీతం, పన్ను కాగితాలు) అన్నీ దాచు.

పరీక్ష పీఎస్ఐ అనే పరీక్షల కంపెనీ సెంటర్లలో ఉంటుంది. 70 శాతం రావాలి. కోడ్ పుస్తకం చూసుకుని రాయొచ్చు, అందుకని తేలిక అనుకోవద్దు. పుస్తకంలో వెతుకుతూ కూర్చుంటే టైమ్ అయిపోతుంది. గ్రౌండింగ్ గురించి ఉన్న 250వ ఆర్టికల్, వైరు సామర్థ్యాల టేబుల్ 310.16, కాండ్యూట్ నింపే లెక్కలకు చివర్లో 9వ అధ్యాయం, ఇవి కళ్లు మూసుకున్నా పేజీ తీయగలగాలి. టెక్సాస్ 2023 సెప్టెంబర్ 1న ఎన్ఈసీ (జాతీయ ఎలక్ట్రికల్ కోడ్) 2023 ఎడిషన్ అమల్లోకి తెచ్చింది. మూడేళ్లకోసారి కొత్త కోడ్ వస్తుంది కాబట్టి, పరీక్షకు ఏ ఎడిషన్ అడుగుతున్నారో చూసుకుని పుస్తకం కొను. నీది డిప్లొమా, లెక్కలు నీకు ఇబ్బంది కావు.

లెక్కల_అక్క:

గార్లాండ్ అన్నయ్య గారు పని వైపు అంతా చెప్పేశారు. మా వారిది ఎలక్ట్రికల్ కంపెనీ, నేను ఆఫీసు చూసుకుంటాను. లైసెన్స్ తెచ్చుకోవడం ఒక ఎత్తు, పోగొట్టుకోకుండా కాపాడుకోవడం ఇంకో ఎత్తు. నా రోజులో ఎక్కువ భాగం దీనికే పోతుంది.

లయబిలిటీ ఇన్సూరెన్స్ (మన పని వల్ల ఇతరులకు నష్టం జరిగితే ఇచ్చేది) ఒక్కో ఘటనకు కనీసం 3 లక్షల డాలర్లు, మొత్తం మీద 6 లక్షలు, పని పూర్తయ్యాక వచ్చే నష్టాలకు విడిగా 3 లక్షలు ఉండాలి. ఇది లైసెన్స్ తీసుకునే రోజు చూపించి మర్చిపోయేది కాదు, ఏడాదంతా ఆగకుండా ఉండాలి. ప్రీమియం కట్టకపోతే పాలసీ రద్దు కావచ్చు, రద్దైన రోజు నుంచి మీరు చేసే ప్రతి పనీ నిబంధనకు విరుద్ధమే. చలికాలంలో పనులు తగ్గినప్పుడు చిన్న కంపెనీలు మొదట ఆపేది ఈ ప్రీమియమే. దయచేసి ఆ పని చేయకండి, ఏడాది ప్రీమియం పక్కన పెట్టుకున్నాకే కంపెనీ తెరవండి.

పేరు విషయంలో చాలా జాగ్రత్త. ఎల్ఎల్‌సీ పేరు, ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ మీద పేరు, టీడీఎల్ఆర్ అప్లికేషన్‌లో పేరు, అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. ఇంకో పేరుతో వ్యాపారం చేస్తుంటే ఆ పేరు కూడా రిజిస్టర్ చేసి, అన్నిచోట్లా అలాగే రాయాలి. అప్లికేషన్లు వెనక్కి రావడానికి నేను ఎక్కువగా చూసిన కారణం ఇదే. వర్కర్స్ కాంపెన్సేషన్ (పనివాళ్లకు గాయాలైతే ఆదుకునే ఇన్సూరెన్స్) టెక్సాస్‌లో ప్రైవేటు యజమానులకు తప్పనిసరి కాదు, కానీ ఉందా లేదా అన్నది టీడీఎల్ఆర్‌కు చెప్పాలి. నా సలహా అడిగితే, నిచ్చెనలు ఎక్కే మనుషులు పనిచేస్తున్నప్పుడు తీసుకోవడమే న్యాయం.

కాంట్రాక్టర్ లైసెన్స్ ఏటా రెన్యూ చేయాలి. దానికి క్లాసులేమీ లేవు. వెనకున్న మాస్టర్, జర్నీమన్‌లు మాత్రం ఏటా 4 గంటల క్లాసు చేయాలి, అందులో కోడ్, రాష్ట్ర చట్టం, భద్రత ఉంటాయి. ఆన్‌లైన్‌లో చేయొచ్చు. గడువు దాటాక 90 రోజుల లోపు కడితే ఫీజు ఒకటిన్నర రెట్లు, ఆ తర్వాత 18 నెలల దాకా రెండు రెట్లు. ఆలస్య రుసుము కడతాంలే అని మధ్యలో పని చేయకూడదు, గడువు దాటిన లైసెన్స్‌తో చేసే పని లైసెన్స్ లేని పనే. మా ఆఫీసు గోడ మీద అందరి గడువు తేదీలూ ఒకే క్యాలెండర్‌లో రాసి పెడతాను. ఎందుకంటే ఒక్కొక్కరిది ఒక్కో నెల.

మాస్టర్ మానేస్తే కంపెనీ చిక్కుల్లో పడుతుంది. కొత్త మాస్టర్ పేరు చేర్చేదాకా పనులు చేయకూడదు. అందుకే యజమానే మాస్టర్ అయితే ప్రశాంతంగా నిద్రపోవచ్చు. కంపెనీ బళ్లకు రెండు వైపులా కంపెనీ పేరు, లైసెన్స్ నంబర్ ఉండాలి, ప్రతి కొటేషన్ మీద, బిల్లు మీద కూడా నంబర్ వేయాలి. ఇక ఊరు మారితే ఆ సిటీలో కాంట్రాక్టర్‌గా నమోదు చేసుకోవాలి. 2017లో చట్టం మార్చాక సిటీలు రాష్ట్ర లైసెన్స్ ఉన్నవాళ్ల దగ్గర నమోదు ఫీజు వసూలు చేయకూడదు. ఒక్కో పనికి సిటీ ఇచ్చే పర్మిట్ (అనుమతి) ఫీజు మాత్రం ఉంటుంది.

కొత్త_ఫ్రిస్కో:

అన్నా, అక్కా, ఇద్దరికీ చాలా థ్యాంక్స్. ఇది చదివి మా ఆవిడకు కూడా చూపించాను. ఆయనకు ఫోన్ చేసి వద్దని చెప్పేశాను. వైరు రంగుల సంగతి నిజంగా నాకు తెలియదు. రెండు సందేహాలున్నాయి. ఒకటి, మా సొంత ఇంట్లో నేనే పని చేసుకోవచ్చా? రెండు, డబ్బులు తీసుకోకుండా ఫ్రెండ్స్‌కు సాయం చేస్తే ఫర్వాలేదా? అలాగే అప్రెంటిస్‌గా చేరడానికి ఎక్కడ అడగాలి? నాకు ముప్ఫై దాటాయి, ఈ వయసులో తీసుకుంటారా?

గార్లాండ్_మాస్టర్:

ఫోన్ చేసి వద్దని చెప్పావు చూడు, చాలా సంతోషం తమ్ముడూ.

నీ పేరు మీదున్న ఇంట్లో, నువ్వు ఉంటున్న ఇంట్లో, నువ్వే చేసుకోవడానికి రాష్ట్ర చట్టం మినహాయింపు ఇస్తుంది. సిటీ నిబంధనలు వేరుగా ఉండొచ్చు కాబట్టి ఫ్రిస్కో బిల్డింగ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసులో అడుగు. పర్మిట్ తీసుకుని ఇన్‌స్పెక్షన్ చేయించుకో. మీటరు దగ్గరకు మాత్రం వెళ్లొద్దు. ఫ్రిస్కోలో కొన్ని వీధులకు ఆంకార్, కొన్నిటికి కోసర్వ్ కరెంటు ఇస్తాయి. మీ వీధికి ఎవరిస్తే వాళ్లే వచ్చి సరఫరా ఆపాలి, మళ్లీ ఇవ్వాలి.

ఫ్రెండ్స్ పని వద్దు. డబ్బు తీసుకున్నావా లేదా అన్నది చట్టం చూడదు, లైసెన్స్ లేకుండా చేశావా లేదా అన్నదే చూస్తుంది. ఎవరైనా అడిగితే లైసెన్స్ ఉన్నవాళ్ల నంబర్ ఇవ్వు. ఇప్పుడు అడిగేవాళ్లే నీ లైసెన్స్ వచ్చాక మొదటి కస్టమర్లు అవుతారు.

వయసు గురించి దిగులు పడొద్దు. నా దగ్గర నలభైలో మొదలుపెట్టినాయన ఉన్నాడు, పని మీద శ్రద్ధలో ఆయన్ను మించినవాడు లేడు. డల్లాస్, ఫోర్ట్‌వర్త్ ప్రాంతంలో ఐబీఈడబ్ల్యూ లోకల్ 20 అనే ఎలక్ట్రీషియన్ల యూనియన్ ఉంది, వాళ్ల అప్రెంటిస్ శిక్షణకు అప్లై చేయి. పని చేస్తూ జీతం తీసుకుంటూనే క్లాసులు వినొచ్చు. అది కుదరకపోతే నేరుగా కాంట్రాక్టర్ల దగ్గరికి వెళ్లి అడుగు. మొదటి ఆరేడు నెలలు ఇళ్ల పనులు చేసి, ఆ తర్వాత కమర్షియల్‌కు మారు. ఇళ్లలో వేగం వస్తుంది, కాండ్యూట్ వంచడం, త్రీఫేజ్ పనులు కమర్షియల్‌లోనే వస్తాయి. విజయవాడలో మోటార్ స్టార్టర్లు చేశానన్నావు కదా, కంట్రోల్ వైరింగ్ తెలిసిన అప్రెంటిస్ దొరకడం అరుదు. ఇంటర్వ్యూలో ఆ మాట ముందు చెప్పు.

ఒక్కటి అడుగుతాను. మొదటి రోజు ఫోర్‌మన్ నిన్ను ట్రెంచ్ తవ్వమంటాడు, పైపులు మోయమంటాడు. డిప్లొమా చదివి ఇదా అనుకోవద్దు, అందరం అలాగే మొదలుపెట్టాం.

ఇర్వింగ్_గృహిణి:

మధ్యలో వచ్చినందుకు ఏమనుకోవద్దు. మా ఇంట్లో ప్యానెల్ మార్చాలి. ఒకాయన తక్కువ రేటుకు చేస్తానంటున్నారు, లైసెన్స్ ఉందంటున్నారు. నిజంగా ఉందో లేదో మాలాంటివాళ్లం ఎలా తెలుసుకోవాలి?

గార్లాండ్_మాస్టర్:

మంచి ప్రశ్న అమ్మా. ఆయన్ను కాంట్రాక్టర్ లైసెన్స్ నంబర్ అడగండి, కొటేషన్ మీద ఉండాలి. టీడీఎల్ఆర్ వెబ్‌సైట్‌లో లైసెన్స్ సెర్చ్ అందరికీ ఉచితం. కంపెనీ పేరు ఒకటేనా, గడువు ఉందా చూడండి. ఇంటికొచ్చే మనిషిని కూడా ఆయన సొంత లైసెన్స్ కార్డ్ చూపించమనండి, మంచివాడు దానికి నొచ్చుకోడు. ప్యానెల్ మార్పుకు సిటీ పర్మిట్ కావాలి, దాన్ని ఆ కాంట్రాక్టరే తీయాలి. "మీ ఇల్లే కదా, పర్మిట్ మీ పేరు మీద తీసుకోండి, తేలిగ్గా అయిపోతుంది" అని ఆయన అంటే ఆ పని ఆయనకు ఇవ్వకండి.